రెండువేల అయిదువందల ఇరవయ్యో రోజు

"ఎన్నోదమ్మా?" అన్నాడు వీధి మలుపులో కొబ్బరిబోండాలమ్మే దానయ్య.

"అయిదోది. నీకో?" అంది నూకరత్నం.

"రెండోదే. విడుపు ఇంకా అయిదు రోజులుంది" అని నిట్టూర్చి, బోండాం చెక్కి చేతికిచ్చాడు.

కొత్త ఉప్పాడలో పలకరింపు అదే. ఇవాళ ఏ వారం అని ఎవరూ అడగరు. ఆదివారం, సోమవారం అనే మాటలు బడి పుస్తకాల్లోనూ, ఉపవాసాలుండే ముసలివాళ్ళ నోళ్ళలోనూ మిగిలాయి. ఇప్పుడు ఎవరి వారం వాళ్ళది. మణికట్టుకు కట్టుకున్న 'గవ్వ' ఎన్నో రోజంటే అదే రోజు. చివరి రోజు విడుపు. ఆ రోజు పని ముట్టుకోవక్కర్లేదు.

నూకరత్నం బోండాం తాగుతూ ఇంటివైపు ఒకసారి వెనక్కి చూసింది. ఈరోజు ఇంట్లో భర్త సింహాద్రి, కొడుకు దుర్గేష్ ఇద్దరూ ఉన్నారు. నలభై రోజులకోసారి ఆ తండ్రీకొడుకుల విడుపులు కలుస్తాయి. తను బయల్దేరేటప్పటికి ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని మంచినీళ్ళ వడపోత విప్పి శుభ్రం చేస్తున్నారు. కొడుకు ఏదో చెబుతుంటే సింహాద్రి వాడి మొహంలోకి చూస్తూ, కన్నార్పకుండా వింటున్నాడు. ఆ దృశ్యం ఆమెకు ముచ్చటగానూ ఉంది, కొంచెం ఈర్ష్యగానూ ఉంది. తనకు తొమ్మిది రోజుల వారం. వాళ్ళిద్దరూ కలిసిన రోజున తనకూ విడుపు దొరకాలంటే మూడువందల అరవై రోజులకోసారి. కూతురు నీలవేణి కూడా ఉండాలంటే ఇంక అడక్కూడదు.

సముద్రం పాత ఉప్పాడను మింగేశాక, మిగిలిన నలభై వేలమంది పద్నాలుగు కిలోమీటర్ల కట్ట పోసుకుని దాని వెనక బతుకుతున్నారు. కట్ట కింద నుంచి ఊట ఊరుతూనే ఉంటుంది. రాత్రింబవళ్ళు తోడుయంత్రాలు ఆ నీటిని తోడి మళ్ళీ సముద్రంలో పోయాలి. మొదట్లో ఊరంతటికీ ఆదివారమే సెలవు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎడతెగకుండా పదిరోజులు పనిచేసి కునికిపాట్లు పడుతున్న ఒకడి చెయ్యి జారి తూము తెరుచుకుంది. మూడు వీధులు మునిగాయి. ఆ తరవాతే ఊరి పెద్దలు 'వారధి'ని తెచ్చారు.

వారధి అంటే ఊరందరి వారాలనూ పంచే యంత్రం. గవ్వ రోజూ రక్తంలో అలసటను కొలుస్తుంది. ఈ ఒంటికి నాలుగు రోజుల పని తరవాత విశ్రాంతి కావాలి, ఆ ఒంటికి ఎనిమిది రోజుల దాకా ఫర్వాలేదు అని వారధి తేలుస్తుంది. పదహారేళ్ళు నిండిన ప్రతివాళ్ళకూ అయిదు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఈ నాలుగు అంకెల్లో ఒకటి వస్తుంది. అంతకు చిన్నపిల్లలకు బడి వారం, ఏడు. ఆరు, పది ఎందుకు లేవంటే దానికీ కారణముంది. పదివాళ్ళ విడుపు పడినప్పుడల్లా అయిదువాళ్ళదీ పడుతుంది. ఆరుకూ ఎనిమిదికీ రెండనే చుట్టరికముంది, ఆరుకూ తొమ్మిదికీ మూడనే చుట్టరికముంది. అయిదు, ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం ఏ రెంటికీ ఉమ్మడి కారణాంకం లేని అంకెలు. అందుకని ఒక్కో అంకెకు ఒకటిగా కట్టిన దళాల విడుపులు ఒకదానిమీద ఒకటి పడటం వీలైనంత అరుదు. ఎప్పుడూ ఎవరో ఒకరు పనిలో ఉంటారు. మూడు దళాలకు ఒకేరోజు విడుపు పడితే నాలుగో దళం ఆ పగలూ రాత్రీ ఇంటికి పోకుండా ఊరిని నడుపుతుంది. దాన్ని ఒంటిదళం రోజు అంటారు.

ఏర్పాటు బాగానే పనిచేసింది. ఆసుపత్రిలో జనం తగ్గారు, కట్ట మీద ప్రమాదాలు ఆగాయి. నూకరత్నం కూడా వారధిని మెచ్చుకునే మనిషే. అసలు ఆమె ఉద్యోగమే అక్కడ. వారధి ఏ సవరణ చేసినా దానిమీద ఒక మనిషి వేలిముద్ర పడాలని చట్టం. ఆ వేలు ఆమెది.

ఆ రోజు బల్ల దగ్గర కూర్చోగానే తెర మీద ఒక సవరణ కనిపించింది.

'రోజు 2520. నాలుగు దళాలకూ విడుపు. పనిలో ఉండేవారి సంఖ్య: సున్న. ఎనిమిదివారం దళం విడుపును 2521కి జరపవలెను.'

వేలు సగం దాకా వెళ్ళి ఆగింది. చిన్నప్పటి నుంచీ ఎక్కాలంటే ఆమెకు ఇష్టం. కాగితం మీద పెన్సిలుతో వేసింది. అయిదేళ్ళు ముప్పై అయిదు. ముప్పై అయిదు ఎనిమిదులు రెండువందల ఎనభై. దాన్ని తొమ్మిదితో హెచ్చిస్తే రెండువేల అయిదువందల ఇరవై. వారధి రాకముందు చివరి ఆదివారం ఊరంతా కలిసి సెలవు తీసుకుని, మర్నాటి నుంచి లెక్క మొదలుపెట్టారు. ఇవాళ 2480. ఇంకో నలభై రోజులు.

అయిదు, సింహాద్రి. మూడో తోడుగృహంలో నాలుగు రోజులుండి అయిదో రోజు ఇంటికొస్తాడు. ఏడు, నీలవేణి. సముద్రంలో నాచు పెంచే తెప్పల మీద ఉంటుంది. ఎనిమిది, దుర్గేష్. యానాం దాకా సరుకు పడవ నడుపుతాడు. తొమ్మిది, తను. వాడు బడిలో ఉన్నప్పుడు, 1260వ రోజున, నలుగురూ కలిసి ఒక పూటంతా కూర్చున్నారు. తరవాత వాడికి ఎనిమిది వచ్చింది. మూడేళ్ళు దాటింది.

"వారధీ, జరిపితే ఈ రోజు మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

"ఎనిమిది లెక్క ఒకరోజు పక్కకు పోతుంది. నాలుగు లెక్కలూ వేరే రోజున కలుస్తాయి. ఎలా జరిపినా 2520 రోజుల్లో ఒకసారి కలవక తప్పదు. అప్పుడు మళ్ళీ జరుపుతాం" అంది వారధి, ఎప్పటిలాగే నెమ్మదిగా.

"అంటే ఎప్పటికీ రాదు."

"రాకుండా చూడటమే నా పని."

నూకరత్నం వేలు వెనక్కి తీసుకుంది. లేచి, కార్యాలయం పెద్ద మస్తాన్‌వలీ గారి గదిలోకి వెళ్ళింది. ఆయన విషయం విని కళ్ళజోడు తీశాడు.

"మీ ఇంట్లో నాలుగు లెక్కలూ ఉన్నాయి కాబట్టి అడుగుతున్నారా, రత్నంగారూ?"

"అవును సార్. మా ఇంటికోసమే అడుగుతున్నాను. ఇలాంటి ఇళ్ళు ఊళ్ళో ఎన్నున్నాయో మీరు వారధిని అడగండి."

ఆయన అడిగాడు. పదకొండువందల పద్దెనిమిది అంది వారధి. ఆయన కిటికీలోంచి కట్టవైపు చూపించాడు.

"సముద్రానికి విడుపు లేదమ్మా. తోడుయంత్రాలు, ఆసుపత్రి, కరెంటు, మంచినీళ్ళు, అన్నీ కలిపి ఏ క్షణమైనా మనిషి ఉండి తీరాల్సిన స్థానాలు నూట అయిదు. ఇరవైనాలుగు గంటలూ. అందులో ఒక్కటి ఖాళీ పడ్డా నేను ఒప్పుకోను."

నూకరత్నం మనసులో హెచ్చించి, చటుక్కున తలెత్తింది. "నూట అయిదు ఇరవైనాలుగులు... రెండువేల అయిదువందల ఇరవై గంటలు సార్!"

"అయితే?"

"పని తెలిసినవాళ్ళు నాలుగువందల ఇరవై మంది. వాళ్ళ మీదే వేస్తే తలా ఆరు గంటలు. పాపం, వాళ్ళకి ఆ రోజు లేనట్టే. కానీ రెండువేల అయిదువందల ఇరవైమంది వస్తే తలా ఒక్క గంట. ఇది మంచి సంఖ్య సార్. ఒకటి నుంచి పది దాకా దేనితో భాగించినా శేషం మిగలదు. అలాంటి సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది ఇదే. ఇద్దరిద్దరు వచ్చినా, ఇంటికి ఏడుగురు చొప్పున జట్టు కట్టినా, తొమ్మిదిమంది వచ్చినా, ఎవరూ మిగలకుండా పంచొచ్చు."

మస్తాన్‌వలీ గారు నవ్వాడు. "అంకెలు పంచుకుంటాయి. మనుషులు పంచుకోవాలిగా. ఇరవై రోజులు ఇస్తున్నాను. జాబితా నిండితే సవరణ ఆపుతాను. నిండకపోతే ఏమీ అనుకోకుండా వేలిముద్ర వెయ్యాలి."

ఆ ఇరవై రోజులూ నూకరత్నం కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగింది. పని దిగాక వీధివీధికీ వెళ్ళింది. మొదటి వీధిలోనే ఒక పెద్దాయన తలుపు సగం తీసి, "విడుపురోజు పని చెయ్యమంటావా? బుద్ధుందా?" అని మొహాన వేశాడు. రెండో ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరు ఆమె చెప్పింది విని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఏడ్చారు. పెద్దామె అయిదు, చిన్నామె తొమ్మిది. నలభై అయిదు రోజులకోసారి కలుస్తారు. అన్నదమ్ములతో కలిపి కూర్చుని ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు.

అసలు చిక్కు తోడుగృహాల దగ్గర వచ్చింది. "బళ్ళో పాఠాలు చెప్పేవాళ్ళూ, బట్టలు కుట్టేవాళ్ళూ వచ్చి యంత్రాల మీద చేతులేస్తారా? ఇదేమైనా తిరణాలా?" అని మూడో తోడుగృహం మేస్త్రీ మండిపడ్డాడు. సింహాద్రి మాత్రం మర్నాడు ముగ్గురిని వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. లోపల చెవులు చిల్లులుపడే హోరు. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడరు, చేతులతో సైగలే. 'నీరు పెరుగుతోంది', 'ఆపు', 'నన్ను పిలువు', ఈ మూడు సైగలూ, చూడాల్సిన రెండు కొలత ముళ్ళూ నేర్పాడు. గంటసేపు కాపలాకు అది చాలు. ఆ ముగ్గురూ ఇంకో తొమ్మిదిమందికి నేర్పారు. ఒక కుట్టుపని ఆవిడ వేడి గొట్టానికి చెయ్యి తగిలి బొబ్బెక్కినా, కట్టు కట్టించుకుని మళ్ళీ వచ్చింది. "ఇంత వేడిలోనా మీరు ఉండేది?" అని ఆమె అడిగితే, మండిపడ్డ మేస్త్రీ మొహం కొంచెం మెత్తబడింది. డాక్టర్లూ నర్సులూ తమ గంటలు తామే పంచుకున్నారు.

ఇరవయ్యో రోజు సాయంత్రానికి జాబితాలో ముప్పైఎనిమిది గంటలు ఖాళీగా మిగిలాయి. నూకరత్నం కాగితాలు బల్ల మీద పెట్టి నిలబడింది. మస్తాన్‌వలీ గారు జాబితా పైనుంచి కిందికి చదివాడు. కలం తీసి ఒక గడిలో తన పేరు రాశాడు. తరవాత భార్య పేరు, అల్లుడి పేరు రాశాడు. కాగితం పట్టుకుని గదిలోంచి బయటికొచ్చి, పనిలో ఉన్న గుమాస్తాలందరి బల్లల మీదుగా నడిచాడు. చీకటి పడేలోపే జాబితా నిండింది.

2520వ రోజు తెల్లవారింది.

వారధి వచ్చాక పుట్టిన పిల్లలు అలాంటి ఉదయం చూడలేదు. అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. వీధుల్లో మనుషులు ఎటు నడవాలో తెలీనట్టు, కనిపించిన ప్రతివాళ్ళ దగ్గరా ఆగిపోతున్నారు. "ఎన్నోది?" అని అలవాటుగా అడిగి, వెంటనే నాలిక కరుచుకుని పగలబడి నవ్వుతున్నారు.

నూకరత్నం ఇంటి నలుగురి గంట పొద్దున్న పదింటికి, మూడో తోడుగృహంలో. సింహాద్రి ముందు నడిచాడు. లోపల అతను వేరే మనిషిలా కనిపించాడు నూకరత్నానికి. ఇంట్లో నిదానంగా, కొంచెం పరధ్యానంగా ఉండేవాడు, ఇక్కడ చూపుతోనే నలుగురినీ నడిపిస్తున్నాడు. నాలుగో యంత్రం దగ్గర ఆగి, దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, పసిబిడ్డ జ్వరం చూసినట్టు కళ్ళు మూసుకున్నాడు. తరవాత పలక మీద రాశాడు: 'ఇరుసులో తేడా ఉంది. రేపు విప్పాలి.' ముళ్ళు రెండూ పచ్చగీత మీదే ఉన్నాయి. దుర్గేష్ ముళ్ళవైపు చూపించాడు. సింహాద్రి తల అడ్డంగా ఊపి, కొడుకు చెయ్యి తీసుకుని యంత్రం మీద పెట్టాడు. దుర్గేష్‌కు ఏమీ తెలియలేదు.

పదకొండింటికి ఇంకో ఇంటివాళ్ళు వచ్చి స్థానాలు తీసుకున్నారు. వీళ్ళు ఇంటికొచ్చారు.

నూకరత్నం ముందురోజే పండుగప్ప చేప తెచ్చి పెట్టుకుంది. పులుసు పెట్టింది. నీలవేణి తెప్పల మీంచి తెచ్చిన లేత నాచుతో పచ్చడి నూరింది. మధ్యాహ్నం నలుగురూ చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. మొదట కాస్త ఇబ్బందిగానే ఉంది. ఇద్దరిద్దరుగా కలిసినప్పుడు ఎవరికి వాళ్ళకు అలవాటైన మాటలున్నాయి. నలుగురికీ కలిపి మాటలే లేవు. అన్నం రెండు ముద్దలు దిగాక నీలవేణి మొదలుపెట్టింది.

"అమ్మా, తమ్ముడు పెద్ద పడవ నడిపే పరీక్ష రాశాడని నాకు చెప్పనే లేదు!"

"చెబుదామంటే నువ్వెక్కడ దొరికావే అక్కా, యాభైఆరు రోజులకోసారి..."

"పరీక్షేంటిరా? నాకూ చెప్పలేదు!" అంది నూకరత్నం.

"పాసయ్యాక చెబుదామని. నాన్నకి తెలుసు. నాన్నా, నువ్వే చెప్పు, ఎన్ని మార్కులు?"

సింహాద్రి భార్యవైపు చూస్తున్నాడు. నవ్వి, "బాగుంది. ఇంకొంచెం వెయ్యి" అన్నాడు కంచం జరుపుతూ.

పిల్లలు ఘొల్లుమన్నారు. "మార్కులడిగితే పులుసంటాడు!" అని దుర్గేష్ పొట్ట పట్టుకున్నాడు. సింహాద్రి కూడా నవ్వాడు, కానీ ఒక్క క్షణం ఆలస్యంగా, వాళ్ళు నవ్వుతున్నారు కాబట్టి నవ్వినట్టు. మాటలు మళ్ళీ ఊపందుకున్నాయి. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. సింహాద్రి చూపు ఈ నోటి నుంచి ఆ నోటికీ, ఆ నోటి నుంచి ఇంకో నోటికీ పరుగెత్తుతోంది. నుదుటి మీద చెమట పట్టింది. నీలవేణి అది చూసింది.

ఆమె మంచినీళ్ళకని లేచి, తండ్రి వెనక్కి వెళ్ళి నిలబడింది. "నాన్నా" అంది మామూలు గొంతుతో.

సింహాద్రి తినడం ఆపలేదు.

"నాన్నా!" అంది ఇంకొంచెం గట్టిగా.

దుర్గేష్ నవ్వు ఆగిపోయింది. నూకరత్నం చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఎదురుగా ఉన్న రెండు మొహాలూ మారడం చూసి, సింహాద్రి మెల్లగా వెనక్కి తిరిగాడు. కూతురి కళ్ళలో నీళ్ళు చూశాడు. అతనికి అర్థమైంది.

"రెండేళ్ళయింది" అన్నాడు కంచంలోకి చూస్తూ. "మొదట కుడిచెవి. తరవాత ఇదీ."

"మావా!" అంది నూకరత్నం. అతను తలెత్తి చూడలేదని గుర్తొచ్చి, చేత్తో అతని గడ్డం పైకెత్తింది. "నాకెందుకు చెప్పలేదు మావా?"

"కట్ట మీద వినబడనివాణ్ణి ఉంచరు రత్నం. అవతల గోదాముకి పంపేస్తారు. ఇరవయ్యేళ్ళుగా ఆ యంత్రాలతో ఉన్నాను." అతను పిల్లలవైపు తిరిగాడు. "ఎదురుగా ఒక్కరుంటే పెదాలు చూసి చదివేస్తాను. మీరెప్పుడూ ఒక్కొక్కరే వచ్చారు కదా. ఇద్దరున్నా నెట్టుకొచ్చాను. ముగ్గురూ ఒక్కసారి మాట్లాడేసరికి ఎవరి నోరు చూడాలో తెలీలేదు."

నూకరత్నం తన భర్త మణికట్టు మీది గవ్వను చూసింది. రోజూ అతని రక్తాన్ని చూసింది అది. అలసట పెరిగితే పెరిగిందంది, నిద్ర చాలట్లేదంది. ఎదుటివాళ్ళ ప్రతి మాటనూ కళ్ళతో పట్టుకోవడమే ఆ అలసటని దానికి తెలియలేదు. సరే, అది యంత్రం. అయిదు రోజులకోసారి ఎదురుగా కూర్చుని అన్నం పెట్టిన తనకు కూడా తెలియలేదే! పని దిగి వచ్చి, వంట చేసి, రెండు మాటలు మాట్లాడి, తెల్లారేసరికి మళ్ళీ పరుగు. తీరిగ్గా పక్కన కూర్చున్న రోజు ఏది?

ఆ మధ్యాహ్నం ఎవరూ వీధిలోకి వెళ్ళలేదు. సింహాద్రి చెబుతూ ఉంటే ముగ్గురూ విన్నారు. ఒకరు మాట్లాడాలనుకున్నప్పుడు చెయ్యెత్తాలని దుర్గేష్ నియమం పెట్టాడు. చెయ్యెత్తినవాళ్ళ వైపు నాన్న తిరిగేదాకా ఆగాలి. మొదట తడబడ్డారు. సాయంత్రానికి అలవాటైంది. చీకటి పడేవేళకు సింహాద్రి నుదుటి మీద చెమట లేదు. పాత ఉప్పాడలో తన చిన్నతనపు కబుర్లు చెప్పి పిల్లల్ని నవ్విస్తున్నాడు.

నాలుగు రోజుల తరవాత మేస్త్రీ నాలుగో యంత్రం విప్పించాడు. ఇరుసు మీద వెంట్రుకంత పగులు. ఇంకో పదిరోజులు తిరిగితే ముక్కలయ్యేది. సింహాద్రి తన చెవుల సంగతి తనే అతనికి చెప్పాడు. మేస్త్రీ చాలాసేపు తల గోక్కుని, "ఈ హోరులో చెవులున్నవాడికి మాత్రం ఏం వినపడుతుందయ్యా? నీ చెయ్యి ఉంటే చాలు" అన్నాడు. అతనికి వినికిడి యంత్రం పెట్టించే ఏర్పాటు ఆసుపత్రిలో మొదలైంది. కొంతవరకే పనిచేస్తుందని డాక్టరు ముందే చెప్పింది.

నూకరత్నం 2525వ రోజున మస్తాన్‌వలీ గారి గదిలో మళ్ళీ నిలబడింది.

"నా వారం మార్చండి సార్."

"ఎనిమిదికా? మీ కొలత తొమ్మిదికి సరిగ్గా ఉందే."

"పదికి."

ఆయన విన్నది నిజమేనా అన్నట్టు చూశాడు. "పదా? విశ్రాంతి తగ్గించమని ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా. ఆ అంకే మన దగ్గర లేదు. అయిదుకూ దానికీ చుట్టరికముందని కదా దాన్ని పక్కన పెట్టింది!"

"ఆ చుట్టరికమే కావాలి సార్" అంటూ ఆమె కాగితం ముందు పెట్టింది. "తొమ్మిదైతే మా ఆయనతో నాకు నలభై అయిదు రోజులకోసారి విడుపు. పదైతే నాకు విడుపు వచ్చిన ప్రతిసారీ ఆయనకూ విడుపే. ఇంకోటి చూడండి. అయిదుకీ ఏడుకీ ఎనిమిదికీ కలిపి రెండువందల ఎనభై. అది పదితో ఎలాగూ భాగింపబడుతుంది. మా నలుగురినీ 2520 రోజులు దూరం చేస్తున్నది నా తొమ్మిదొక్కటే. అది తీసేస్తే రెండువందల ఎనభై రోజులకోసారి కలుస్తాం. ఏడేళ్ళ ఎదురుచూపు తొమ్మిదిలో ఒక వంతవుతుంది. నేను ఒకరోజు ఎక్కువ పనిచేస్తే చాలు."

"ఆ రెండువందల ఎనభయ్యో రోజు తొమ్మిదివాళ్ళ ఒంటిదళం రోజు. అందరూ మీలా పదికి మారితే ఊరినెవరు నడుపుతారు?"

"మొన్న ఎలా నడిపామో అలాగే, గంట గంట పంచుకుని. ఇప్పుడు పని వచ్చినవాళ్ళు రెండువేల అయిదువందల ఇరవైమంది ఉన్నారు సార్."

మస్తాన్‌వలీ గారు వారధిని అడిగాడు. అది ఎప్పుడూ లేనంతసేపు లెక్కలు వేసింది.

"ఈ అభ్యర్థన ఆమె ఆరోగ్యానికి మేలు చేసేది కాదు" అంది చివరికి. "పెట్టి చూడాలంటే ముప్పై రోజులు అనుమతించగలను. అలసట పెరిగితే వెనక్కి తీసుకుంటాను."

ముప్పై రోజులయ్యాయి. నూకరత్నం అలసట పెరగలేదు. తొమ్మిది రోజుల వారంలో ఎప్పుడూ లేనంత తగ్గింది. వారధి గవ్వ చెడిపోయిందనుకుని రెండుసార్లు మార్పించింది. కొత్త గవ్వలూ అదే చెప్పాయి. ఈలోగా ఆ అక్కాచెల్లెళ్ళు వచ్చారు. చిన్నామెకు పది కావాలి. ఒక ముసలి దంపతులు వచ్చారు. తరవాత పదహారు కావాలంటూ ఎనిమిదివారం ఆమెను పెళ్ళాడిన ఒకతను, పద్నాలుగు ఉంటుందా అంటూ ఒకామె. నెల తిరిగేసరికి కార్యాలయం మెట్ల మీద వరస కట్టి నిలబడుతున్నారు. చేతుల్లో కాగితాలు, వాటి మీద పెన్సిలు హెచ్చవేతలు. ఊళ్ళో బడి మానేసిన పెద్దవాళ్ళు కూడా క.సా.గు. ఎలా కట్టాలో పిల్లల్ని అడిగి నేర్చుకుంటున్నారు. ఎవరికి ఎవరితో చుట్టరికం కావాలో, ఆ చుట్టరికం ఉన్న అంకెను వెతుక్కుంటున్నారు.

2560వ రోజు. నూకరత్నానికి పదోది, సింహాద్రికి అయిదోది. ఇద్దరికీ విడుపు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నారు. వినికిడి యంత్రం చెవిలో గరగరలాడుతోందని సింహాద్రి దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. తోడుగృహంలో వాడే సైగలు ఆమెకు ఒక్కొక్కటే నేర్పుతున్నాడు. 'నీరు తగ్గింది.' 'దగ్గరికి రా.' 'ఏం ఫర్వాలేదు.' ఆమె వేళ్ళు తప్పు తిరిగితే పట్టుకుని సరిచేస్తున్నాడు.

"సైగలు సరే మావా, నీతో కబుర్లు కూడా చెప్పాలి. బోలెడున్నాయి" అంది నూకరత్నం.

అతను నుదురు ముడిచి ఆమె పెదాలవైపు వంగాడు. ఆమె నీడలో కూర్చుని ఉంది. అది గమనించి నూకరత్నం లేచి, అరుగు అవతలి కొసకు, మొహం మీద ఎండ పడే చోటికి జరిగి కూర్చుంది. అప్పుడు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.